ముందు ఆ వాల్వ్ మూత తీయించండి

ప్రశ్న: మాది మధురవాడలో అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. బాత్‌రూమ్‌లో 15 లీటర్ల గీజరు ఉంది. పెట్టించి నాలుగేళ్లు దాటింది. ఇప్పటిదాకా సర్వీసింగ్ చేయించలేదు. వాడేది బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు కూడా కలుస్తాయి. నవంబర్ చివర్లో మళ్లీ వాడకం మొదలుపెట్టినప్పటి నుంచి లోపల గరగరమని చప్పుడు వస్తోంది. ఇదివరకు రెండు బకెట్లకు సరిపోయే వేడి, ఒకటిన్నరకే అయిపోయేది. పోయిన వారం ఓ సాయంత్రం కుళాయి తిప్పితే బుస్సుమంటూ ఆవిరితో నీళ్లు వచ్చాయి. మర్నాటి నుంచి చన్నీళ్లే. రెండు లైట్లలో ఎర్రది వెలుగుతోంది, రెండోది వెలగడం లేదు. ఒక ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి చూసి కాయిల్ పోయిందన్నాడు. ఇంకొకాయన కొత్తది కొనుక్కోమన్నాడు. మరో సంగతి, కింద వాల్వ్ నుంచి చుక్కలు కారుతున్నాయని పోయిన ఏడాది ప్లంబర్‌తో దానికి మూత బిగించేశాం. మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలైంది, వేడినీళ్లు తప్పనిసరి. ప్రస్తుతానికి బాత్‌రూమ్‌లోనే బకెట్లో రాడ్ పెట్టి కాచుకుంటున్నాం. భోగికి ఆడపడుచు వాళ్లు, పిల్లలు అందరూ వస్తారు. గ్యాస్ గీజరు పెట్టించేద్దామని మా మరిది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
— ఒక గృహిణి, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో వాల్వ్‌కి మూత బిగించామన్న మాట చదివి చాలా కంగారు పడ్డాను. ఇది చదవడం ఆపి, ముందు వెళ్లి బోర్డులో గీజరు ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్) కిందికి దించేయండి. బాత్‌రూమ్ బయటి స్విచ్ ఒక్కటీ ఆపితే చాలదు, ఎవరైనా అలవాటుగా వేసేస్తారు. ఆ మూత తీయించేదాకా, కింద చెప్పిన పరీక్షలు పూర్తయ్యేదాకా, ఎవరు అడిగినా దాన్ని పైకి ఎత్తొద్దు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వివరిస్తాను. ఆ వాల్వ్ చన్నీళ్లను ట్యాంకులోకి రానిస్తుంది, వేడెక్కిన నీళ్లను మళ్లీ వెనక్కి పైపులోకి పోనివ్వదు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి సుమారు ఒక గ్లాసు నీళ్లంత పెరుగుతాయి. వెనక్కి దారి లేదు, ముందు కుళాయి కట్టేసి ఉంది. లోపల ఒత్తిడి పెరిగి ఒక హద్దు దాటగానే వాల్వ్ పక్కనున్న సన్నటి రంధ్రం గుండా కొన్ని చుక్కలు వదిలేస్తుంది. మీరు లీకు అనుకున్నది చాలావరకు అదే అయి ఉంటుంది. గీజరు వేడెక్కుతున్నప్పుడు చుక్కలు పడి, తర్వాత ఆగిపోతే వాల్వ్ బాగా పని చేస్తున్నట్టు లెక్క. రోజంతా కారుతూనే ఉంటే వాల్వ్ మార్పించాలి. మూత బిగించడం మాత్రం ఏ పరిస్థితిలోనూ పనికిరాదు. కుక్కర్ విజిల్‌నీ సేఫ్టీ వాల్వ్‌నీ మూసేసి పొయ్యి మీద పెట్టడంతో సమానం అది.

ఆ సాయంత్రం కుళాయిలోంచి ఆవిరి వచ్చిందంటే ట్యాంకులో నీళ్లు మరిగే దాకా వెళ్లాయన్నమాట. గట్టిగా మూసుకుపోయిన ట్యాంకులో, ఒత్తిడి కింద, వంద డిగ్రీలు దాటినా నీళ్లు నీళ్లుగానే ఉంటాయి. ట్యాంకు ఎక్కడైనా చిట్లిందా, అందులో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరిగా మారుతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,600 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. గీజరు పేలిందని వినే వార్తల వెనక తరచుగా ఉండే సంగతి ఇదే. మీ ఇంట్లో అంతదాకా రాకపోవడానికి కారణం లోపల ఇంకో రక్షణ మిగిలి ఉండడం. దాన్ని మెకానిక్కులు కటౌట్ అంటారు. నీళ్లు మితిమీరి వేడెక్కితే అది కరెంటును పూర్తిగా తెంచేస్తుంది. మర్నాటి నుంచి చన్నీళ్లు వస్తున్నది అది పని చేసినందువల్లేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఇక బాత్‌రూమ్‌లో రాడ్. ఇదీ ఈ రోజే మానేయండి. తడి నేల, చేతికి అందేంత దూరంలో కరెంటు రాడ్, దాని పక్కన మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడ. జారబోయి ఆసరా కోసం బకెట్ పట్టుకుంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. గీజరు బాగయ్యేదాకా వంటింట్లో గ్యాస్ మీద ఓ పెద్ద గిన్నెడు నీళ్లు కాచి, ఇంట్లో బలంగా ఉన్నవాళ్లు తీసుకెళ్లి, ముందే చన్నీళ్లు పోసి ఉంచిన బకెట్లో కలపండి. చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తర్వాత. అత్తగారు బాత్‌రూమ్‌లోకి వెళ్లకముందే ఇదంతా అయిపోవాలి. పెద్దవాళ్ల చర్మం పల్చగా ఉంటుంది, 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే బొబ్బలెక్కిస్తాయి. కాబట్టి మోచేత్తో చూసి మరీ ఇవ్వండి. రాడ్ తప్పదనుకుంటే బాత్‌రూమ్ బయట, పిల్లలు తిరగని పొడి చోట పెట్టండి. ప్లగ్గు ఊడదీశాకే నీళ్లలో వేలు పెట్టాలి. నీళ్లు కాగాయో లేదో చూద్దామని స్విచ్ ఆన్‌లో ఉండగా వేలు ముంచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ప్రాణాలు పోయేది అక్కడే.

ఇప్పుడు గీజరు సంగతి. మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. రెండు లైట్లున్న గీజర్లలో చాలావాటికి ఎర్రది కరెంటు గీజరు దాకా వచ్చిందని చెబుతుంది. రెండోది థర్మోస్టాట్‌నీ (నీళ్లు తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే ముక్క) కటౌట్‌నీ దాటి, నీళ్లను వేడి చేసే కాయిల్ దాకా కరెంటు వెళ్తోందని చెబుతుంది. నీళ్లు చల్లగా ఉండి, రెండు లైట్లూ వెలుగుతున్నాయంటే అనుమానం కాయిల్ మీదకు పోవాలి. మీకు రెండోది వెలగడం లేదు. అంటే కాయిల్ దాకా కరెంటే చేరడం లేదు. టెస్టర్‌తో చూసి కాయిల్ పోయిందని ఎలా తేల్చారో నాకు అర్థం కాలేదు. టెస్టర్ ఒక తీగలో కరెంటు ఉందో లేదో మాత్రమే చెప్పగలదు, కాయిల్ ఆరోగ్యం గురించి దానికి తెలియదు. కాయిల్‌ని పరీక్షించాలంటే ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ కావాలి.

కటౌట్ పడిందంటే ఎందుకు పడింది అన్నదే అసలు ప్రశ్న. చాలా మోడళ్లలో కింద మూత విప్పితే ఓ చిన్న బటన్ కనబడుతుంది, నొక్కితే టక్కుమని కూర్చుంటుంది, గీజరు మళ్లీ వేడెక్కుతుంది. మెకానిక్ వచ్చి ఆ బటన్ నొక్కి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతే మీకు సంతోషంగానే ఉంటుంది. కానీ ఆవిరి వచ్చిన గీజరుకి అలా చేయడం మహా ప్రమాదం. నీళ్లు 60, 70 డిగ్రీలకు రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపాలి. మీ గీజరులో అది ఆపలేదు. దాని లోపల కరెంటును కలిపి, విడదీసే కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటాయి. బటన్ నొక్కితే మళ్లీ అదే కథ మొదలవుతుంది, ఈసారి కూడా కటౌట్ సమయానికి పని చేస్తుందన్న భరోసా లేదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది, మెకానిక్కులు కూడా పొరబడేది ఇక్కడే. చల్లటి గీజరులో థర్మోస్టాట్‌ని మీటరుతో చూస్తే కాంటాక్టులు కలిసే ఉంటాయి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు కలిసి ఉండడమే దాని ధర్మం. అతుక్కుపోయిందీ అలాగే చూపిస్తుంది. “థర్మోస్టాట్ బాగానే ఉందమ్మా” అనేస్తారు. దాన్ని బయటికి తీసి, వేడిని పసిగట్టే కడ్డీని లేదా గుండును బాగా వేడి నీళ్లలో ముంచి, అప్పుడు కాంటాక్టులు విడిపోతున్నాయో లేదో చూస్తేగాని నిజం తెలియదు. మీ విషయంలో ఆ పరీక్ష కూడా అక్కర్లేదంటాను. నాలుగేళ్ల పాతది, ఒకసారి నీళ్లను మరగబెట్టింది. కొన్ని వందల రూపాయల ముక్క అది. అదే మోడల్‌కి సరిపోయే కొత్త థర్మోస్టాట్ వేయించేయండి. కొన్ని గీజర్లలో థర్మోస్టాట్, కటౌట్ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. విడిగా ఉంటే రెండూ మార్పించండి.

ఒక్క ప్రశ్నకు మీరే జవాబు వెతకాలి. ఆ సాయంత్రం మీ అపార్ట్‌మెంట్ ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయిందా? మోటారు పాడయిందా, ట్యాంకర్ ఆలస్యమైందా? వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు. పైన నీళ్లు అయిపోయినప్పుడు, ఆ వాల్వ్ నీళ్లను వెనక్కి పోకుండా ఆపలేకపోతే, గీజరులోని నీళ్లు నెమ్మదిగా కింది పైపులోకి జారిపోతాయి. నీళ్లు లేని ట్యాంకులో కాయిల్ ఎర్రగా కాలి కటౌట్ పడుతుంది. అలా జరిగి ఉంటే మొదటి ఎలక్ట్రీషియన్ మాట కూడా నిజం కావచ్చు, కాయిల్ నిజంగానే కాలిపోయి ఉండొచ్చు. అప్పుడు వాల్వ్ కూడా మార్చాల్సిందే. నిజానికి ఏడాదిగా మూత బిగించి ఉన్న వాల్వ్ లోపల ఉప్పు పేరుకుని బిగిసిపోయే ఉంటుంది. మూత తీసినా దాన్ని నమ్మను. కొత్తది వేయించండి.

కాయిల్ సంగతి మీటరుతో నిమిషంలో తేలుతుంది. మీ గీజరు మీద అతికించిన చీటీలో 2,000 వాట్లు, 230 వోల్టులు అని ఉంటే కాయిల్ రెండు కొసల మధ్య 26 ఓమ్‌లకు అటూ ఇటూగా చూపించాలి. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగింది. ఆ తర్వాత కాయిల్ కొసకీ దాని లోహపు తొడుగుకీ మధ్య చూడాలి. అక్కడ ఏ కలయికా ఉండకూడదు. ఉందంటే నీళ్లలోకి కరెంటు దిగుతున్నట్టు. ఈ రెండు కొలతలూ మీ ముందే తీసి చూపించమనండి. మొహమాటపడొద్దు. పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు.

గరగర చప్పుడుకూ, వేడినీళ్లు తగ్గడానికీ కారణం గార. బోరు నీళ్లలోని సున్నం వేడికి విడిపోయి కాయిల్ మీద పొరలుగా కడుతుంది. కొంత ఊడి ట్యాంకు అడుగున పేరుకుంటుంది. ఆ పొర కింద చిక్కుకున్న నీళ్లు మరిగి బుడగలవుతుంటే వచ్చేదే మీరు విన్న చప్పుడు. థర్మోస్టాట్ కడ్డీ చుట్టూ కూడా గార పట్టి, నీళ్ల అసలు వేడి దానికి సరిగ్గా అందదు. అది ఒక రోజు తొందరగా ఆపేస్తుంది, ఇంకో రోజు ఆలస్యంగా. ఇలా అస్తవ్యస్తంగా పని చేసీ చేసీ కాంటాక్టులు పాడయి ఉండొచ్చు. గార పడితే నీళ్లు కాగడానికి రెట్టింపు కరెంటు అవుతుందని చాలామంది అంటారు గాని, కాయిల్ నీళ్లలోనే ఉంటుంది కాబట్టి దాని వేడి ఎటూ పోదు, కాస్త ఆలస్యంగానైనా నీళ్లలోకే చేరుతుంది. నష్టపోయేది కాయిల్. గార పొర వెనక అది తట్టుకోలేనంతగా వేడెక్కి త్వరగా కాలిపోతుంది.

నీళ్లు కాగడం మరీ ఆలస్యమవుతుంటే నేనైతే ముందు వోల్టేజీనీ ప్లగ్గునీ అనుమానిస్తాను. 15 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 2 కిలోవాట్ల గీజరుకి 18 నిమిషాలు సరిపోతాయి. వోల్టేజీ 230 నుంచి 190కి పడితే అదే పనికి 27 నిమిషాల దాకా పడుతుంది. విశాఖలో దీనికి తోడు సముద్రపు గాలి. మనకు చలి మూడు నెలలకు మించి ఉండదు, మిగతా తొమ్మిది నెలలూ గీజరు ముట్టుకోం. ఆ తొమ్మిది నెలల్లో ఉప్పు గాలికి సాకెట్ లోపలి ఇత్తడికి చిలుము పడుతుంది, కాయిల్ మీది స్క్రూలు తుప్పు పట్టి వదులవుతాయి. చలికాలం రాగానే దాదాపు 9 ఆంపియర్ల కరెంటు ఆ వదులు జాయింట్ల గుండా పోయి అవి కాలతాయి. లాసన్స్ బే, పెద్ద వాల్తేరు లాంటి బీచ్ దగ్గరి ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. గీజరు నడుస్తున్నప్పుడు ప్లగ్గు వేడెక్కినా, ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చినా, సాకెట్ మీద గోధుమరంగు మచ్చ కనబడినా వెంటనే 16 ఆంపియర్ల మంచి సాకెట్‌తో మార్పించండి. మీ ఇంటికి ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే తెంచేసే స్విచ్, ఉందో లేదో కూడా అడగండి. ఎమ్‌సీబీ తీగల్ని కాపాడుతుంది, మనిషిని కాదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్, ఈ రెండూ ఉంటేనే షాక్ నుంచి రక్షణ. ఎప్పుడైనా కుళాయి ముట్టుకుంటే జివ్వుమనిపిస్తే ఆ రోజుకి స్నానాలు ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

సర్వీసింగ్ అంటే పైన గుడ్డతో తుడవడం కాదు. ట్యాంకు ఖాళీ చేసి, కింద కాయిల్‌ని పట్టి ఉంచే ఫ్లాంజి పలక విప్పి, కాయిల్ బయటికి తీసి, అడుగున ఉన్న సుద్దనంతా కడగాలి. కాయిల్‌ని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో కొన్ని గంటలు నానబెడితే గార మెత్తబడి ఊడిపోతుంది. స్క్రూడ్రైవర్‌తో కొట్టి రాలిస్తే తొడుగు చిట్లుతుంది. మళ్లీ బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయాలి. కాయిల్ పక్కనే మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ఆనోడ్ అంటారు. నీళ్లలోని ఉప్పు ట్యాంకును తినకుండా ముందు తాను అరిగిపోవడమే దాని పని. నాలుగేళ్లు బోరు నీళ్లలో ఉంది కాబట్టి సన్నటి తీగ మాత్రమే మిగిలి ఉంటుందని నా అనుమానం. అది మార్చకుండా ఎన్ని కొత్త పార్టులు వేసినా ట్యాంకు చిల్లు పడడం ఖాయం.

మేహాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి రిజర్వాయర్ల నుంచి వచ్చే కుళాయి నీళ్లతో పోలిస్తే బోరు నీళ్లలో సాధారణంగా గార పెట్టే గుణం ఎక్కువ. తాగునీటి ప్రమాణాల్లో కాఠిన్యం (గార పెట్టే సున్నం లాంటి లవణాల మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చని ఉంది. మీ అసోసియేషన్ వాళ్లతో చెప్పి బోరు నీళ్లు ఒకసారి పరీక్ష చేయించండి. నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపే, పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి చెప్పే అంకె కాఠిన్యం కాదు, ల్యాబ్ పరీక్షే కావాలి. ఎలాగూ మన విశాఖ చలి అరకు చలి కాదు. డయల్‌ని చివరిదాకా తిప్పకుండా 50, 55 డిగ్రీల దగ్గర ఉంచండి. వేడి తగ్గే కొద్దీ గార కట్టడమూ తగ్గుతుంది, అత్తగారి ఒంటికీ క్షేమం.

కొత్తది కొనాలా అంటే, విప్పి చూసేదాకా వద్దు. ముందు వారంటీ కార్డు వెతకండి. ట్యాంకుకు ఐదేళ్లు, అంతకన్నా ఎక్కువ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి, కాయిల్‌కి అంతకన్నా తక్కువ ఇస్తారు. ట్యాంకు నుంచి తుప్పు రంగు నీళ్లు వస్తున్నా, అతుకుల దగ్గర చెమ్మ ఉన్నా, ఆ రోజు వేడికి ట్యాంకు ఉబ్బినట్టు కనబడినా ఒక్క రూపాయి కూడా దాని మీద పెట్టకండి. కొత్తదే కొనండి. ట్యాంకు శుభ్రంగా ఉంటే మాత్రం థర్మోస్టాట్, కటౌట్, వాల్వ్, ఆనోడ్, వాషర్ వేసి బాగు చేయించడమే నా సలహా. కాయిల్ మీటరు పరీక్షలో నెగ్గితే అదే ఉంచండి.

మరిదిగారు మీ కష్టం చూడలేక అన్న మాటే గాని, బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరు మాత్రం వద్దమ్మా. గ్యాస్ మండేటప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్న మనిషికి కాస్త తల తిరిగినట్టుంటుంది, తలుపు గడియ తీసేలోపే స్పృహ తప్పుతుంది. భోగి నాడు ఒకరి తర్వాత ఒకరు తలంట్లు పోసుకుంటూ, తలుపులు మూసి ఉన్న బాత్‌రూమ్‌లో గంటల తరబడి అది మండడం నేను ఊహించలేను. గాలి ధారాళంగా ఆడే బయటి బాల్కనీలో పెట్టి, నీళ్లు మాత్రమే పైపుతో లోపలికి తెచ్చే వీలుంటే అది వేరే సంగతి.

ఇలాంటి చన్నీళ్ల సమస్యే ఉన్న మిగతా పాఠకులకు ఒక్క మాట. మీకు రెండో లైటు మామూలుగానే వెలిగి ఆరుతూ, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే వస్తుంటే గీజరు విప్పకముందు మిక్సర్ కుళాయిని చూడండి. గీజరులోకి వెళ్లే చన్నీళ్ల వాల్వ్ కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పండి. కాసేపటికి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తుంటే మిక్సర్ లోపల వేడినీళ్లనీ చన్నీళ్లనీ కలిపే కాట్రిడ్జి పాడై చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి దూరుతున్నాయి. గీజరు తప్పేం లేదు.

మీ గీజరు బాగయ్యాక మెకానిక్‌ని వెంటనే పంపేయకండి. ముందు వేడినీళ్ల కుళాయి తిప్పి, ధార ఆగకుండా వచ్చేదాకా ఆగి, ట్యాంకు నిండాకే స్విచ్ వేయాలి. డయల్ 55 దగ్గర పెట్టి గడియారం చూడండి. ఇరవై నిమిషాల ప్రాంతంలో రెండో లైటు ఆరాలి, ఈలోగా వాల్వ్ నుంచి కొన్ని చుక్కలు పడొచ్చు. లైటు ఆరాక బకెట్లోకి నీళ్లు పట్టి, వంటింట్లో వాడే థర్మామీటరు ఏదైనా ఉంటే పెట్టి చూడండి. అరగంట దాటినా లైటు ఆరకపోతే, లేదా నీళ్లు పొగలు కక్కుతూ వస్తే, ఎమ్‌సీబీ దించి ఆయన్ని అక్కడే ఉంచి మళ్లీ విప్పించండి.